కనిపించే గిన్నె, కనిపించని చేప

జపాన్ ప్రయాణం పెట్టుకున్నవాళ్లు మొదట అడిగేది గుళ్ల గురించీ కాదు, బుల్లెట్ రైలు గురించీ కాదు. "భాష రాదు కదా, హోటల్లో తిండి ఎలా చెప్పుకోవాలి?" అని అడుగుతారు. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, "మేం నీచు ముట్టం, అక్కడ బతకగలమా?" అంటారు. మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. జపాన్ నగరాల్లో నోటికంటే కంటికే పని ఎక్కువ. కొట్టువాడు చెప్పాల్సినవన్నీ గుమ్మం బయటే పెట్టేస్తాడు. చూడటం తెలిస్తే సగం భాష వచ్చినట్టే. రెండో ప్రశ్న దగ్గరే ఉంది తిరకాసు. అక్కడ చూపు పనిచేయదు. దాని సంగతి తర్వాత తీరిగ్గా చెప్తాను. ముందు గుమ్మం దగ్గర మొదలుపెడదాం.

హోటల్ ముందు అద్దాల వెనక వరసగా పెట్టిన భోజనాలు నిజమైనవేనా?

కావు, బొమ్మలు. కానీ ఎంత దగ్గరికి వెళ్లి చూసినా అనుమానం తీరదు. రామెన్ అనే నూడుల్స్ గిన్నెలో పులుసు మీద తేలే నూనె చుక్కలు, సగానికి కోసిన గుడ్డులో ఇంకా గట్టిపడని పచ్చసొన, గ్లాసు అంచు మీంచి జారబోతూ ఆగిపోయిన బీరు నురగ, అన్నీ ఉంటాయి. స్పగెట్టీ ప్లేటు మీదైతే ఫోర్కు గాల్లో నిలబడి ఉంటుంది, చుట్టూ నూడుల్స్ మెలి తిరిగి.

వీటిని వాళ్లు 'సంపురు' అంటారు. ఇంగ్లీషు శాంపిలే అక్కడి నోళ్లలో అలా మారింది. గిఫు ప్రాంతంలో గుజో హచిమాన్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడ పుట్టిన ఇవాసాకి తాకిజో అనే ఆయన 1932లో ఒసాకాలో ఈ బొమ్మల తయారీని వ్యాపారంగా మొదలుపెట్టాడు. అప్పట్లో మైనంతో పోసేవారు. మైనం ఎండకి మెత్తబడుతుంది, రంగు వెలుస్తుంది. అందుకని తర్వాత ప్లాస్టిక్‌లోకి మారారు. ఆ ఊళ్లో ఇప్పటికీ వేడినీళ్లలో మైనం ధారగా పోసి బొమ్మ తెంపురా చేయడం సందర్శకులకు నేర్పిస్తారు. తెంపురా అంటే పల్చటి పిండిలో ముంచి వేయించిన రొయ్యలూ కూరగాయలూ. మన బజ్జీకి దూరపు చుట్టం అనుకోవచ్చు.

ఎందుకు పెడతారంటే, ఆ రోజుల్లో పడమటి వంటకాలు జపాన్‌కి కొత్త. ఆమ్లెట్ అన్నం అని బోర్డు మీద రాస్తే అది ఎలా ఉంటుందో, ఎంత ఉంటుందో సామాన్యుడికి తెలియదు. బొమ్మ చూస్తే రూపం, పరిమాణం, ధర ఒక్క చూపులో తెలుస్తాయి. ఇవాళ ఆ అవసరం వాళ్లకంటే మనకే ఎక్కువ. ఎలా వాడుకోవాలి? ఫోన్‌తో బొమ్మకి ఫొటో తీసుకుని లోపలికి వెళ్లి చూపించండి. లేదా "సుమిమాసెన్" అని పిలిచి, బయటికి తీసుకొచ్చి వేలు పెట్టి చూపించినా ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఆ మాట ఒక్కటి నేర్చుకోండి. క్షమించండి, ఏవండీ, ఇలా రండి, అన్నిటికీ అదే.

ఈ బొమ్మలు కొనాలంటే టోక్యోలో ఉయెనోకీ అసకుసాకీ మధ్యనున్న కప్పబాషి వీధికి వెళ్లాలి. వీధి వీధంతా హోటళ్లకు కావలసిన గిన్నెలు, కత్తులు, గుమ్మం తెరలు. అక్కడ బొమ్మ సుషి ధర అడిగితే నిజం సుషి చవకనిపిస్తుంది.

గుమ్మం తెర అన్నాను కదా, దాన్ని 'నోరెన్' అంటారు. అది బయట వేలాడుతుంటే కొట్టు తెరిచి ఉన్నట్టు. లోపలికి తీసేసి ఉంటే, లైట్లు వెలుగుతున్నా సరే, ఇవాళ్టికి కట్టేసినట్టు. ఎర్ర కాగితం లాంతరు వేలాడుతుంటే అది తాగుతూ చిరుతిళ్లు తినే 'ఇజకాయ'. ఇంకో చిక్కు: మనం హోటలంటే రోడ్డు మీదే వెతుకుతాం. టోక్యోలో అది ఏడో అంతస్తులో ఉండొచ్చు, భూగర్భంలోనూ ఉండొచ్చు. భవనం పక్కన నిలువుగా వేసిన బోర్డులో అంతస్తుకో పేరు రాసి ఉంటుంది. మనం గ్రౌండ్ ఫ్లోర్ అనేది వాళ్లకి ఒకటో అంతస్తు. ఈ లెక్క తప్పితే రామెన్‌కి వెళ్లి పళ్ల డాక్టరు గుమ్మంలో తేలతారు.

తలుపు తోయగానే మనిషి బదులు మిషన్ ఎదురైతే?

కంగారు పడకండి. మన టిఫిన్ సెంటర్లో ముందు టోకెన్ తీసుకుని కౌంటర్లో ఇచ్చినట్టే. రామెన్ కొట్లలో, నిలబడి తినే సోబా నూడుల్స్ కొట్లలో ఇవి ఎక్కువ. ముందు డబ్బు వేయాలి. వేసిన డబ్బుకి ఏవేవి వస్తాయో ఆ బటన్లు వెలుగుతాయి. బొమ్మలున్న మిషనైతే సరే. లేకపోతే పై వరసలో ఎడమ చివరి బటన్ నొక్కండి. ఆ కొట్టు పేరు నిలబెట్టిన వంటకం ఎక్కువగా అక్కడే ఉంటుంది. కింద వరసల్లో చిన్న బటన్లన్నీ అదనపు గుడ్డు, అదనపు నూడుల్స్ లాంటివి. పొరపాటున వాటిలో ఒకటి నొక్కితే ఖాళీ ప్లేటులో గుడ్డు ఒక్కటే వస్తుంది. చీటీ కింద పడుతుంది. చిల్లర కొన్ని మిషన్లు వాటంతటవే ఇస్తాయి, కొన్నిటికి మీట తిప్పాలి. కొత్తవాళ్లు చీటీ దొరికిన సంబరంలో చిల్లర వదిలేసి వెళ్తుంటారు. చీటీని కౌంటర్ మీద పెట్టి కూర్చోవడమే మిగిలింది.

ఎందుకీ ఏర్పాటు? లోపల ఎనిమిదో పదో స్టూళ్లు, వండేవాళ్లు ఒకరో ఇద్దరో. వండే చేత్తో డబ్బు ముట్టుకోనక్కర్లేదు, బిల్లు రాసే మనిషి అక్కర్లేదు, తిన్నాక లెక్క చూసుకునే పని లేదు. తిన్నవాడు గిన్నె కౌంటర్ గట్టు మీదికి ఎత్తిపెట్టి "గొచిసోసమ" అంటూ వెళ్లిపోతాడు. కడుపు నిండింది, సంతోషం అన్న అర్థంలో. వెనక వరస నిలబడి ఉంటే తిన్నాక ఫోన్ తీసి కూర్చోవద్దు.

2024 జులై 3న జపాన్ కొత్త నోట్లు విడుదల చేసింది. పాత మిషన్లు కొన్ని వాటిని మింగకుండా బయటికి తోసేశాయి. పదివేల యెన్ నోటు అసలే తీసుకోని మిషన్లూ ఉన్నాయి. కార్డు మీదే భరోసా పెట్టుకుని బయల్దేరకండి.

గొడ్డు మాంసం తిననివాళ్లు 'గ్యూ' అన్న మాట గుర్తుపెట్టుకోండి. గ్యూదోన్ అంటే గొడ్డు మాంసం వేసిన అన్నం గిన్నె. 'బుతా', 'తోన్' అంటే పంది. తోంకొత్సు రామెన్‌లో తెల్లగా పాలలా కనిపించే పులుసు పంది ఎముకలు గంటల తరబడి మరిగించి తీసింది.

టిప్పు ఇవ్వకపోతే బాగోదేమో?

ఇస్తేనే బాగోదు. బల్ల మీద చిల్లర వదిలి వస్తే, మర్చిపోయారనుకుని వీధి మలుపు దాకా వెంట పరుగెత్తుకొచ్చి చేతిలో పెడతారు. డబ్బు కూడా చేతికి ఇవ్వరు, గల్లా దగ్గర చిన్న పళ్లెం ఉంటుంది, అందులో పెట్టాలి. మంచినీళ్లు ఉచితం, చలికాలంలో కూడా ఐసు వేసే ఇస్తారు. తడి తువ్వాలు ఇస్తే చేతులు తుడుచుకోవడానికి.

అయితే ఇజకాయలో అడగని చిన్న గిన్నె ఒకటి ముందుకొస్తుంది. రెండు ముక్కలు ముల్లంగో, చెంచాడు వేపుడో. ఉచితం అనుకుంటాం. బిల్లులో మనిషికి మూడొందలో ఐదొందలో యెన్‌లు కనిపిస్తాయి. దాన్ని 'ఒతోషి' అంటారు. కూర్చున్నందుకు వేసే రుసుము అనుకోండి. మోసం కాదు, ఆ ఊరి మర్యాద. నాకు మాత్రం ఈ ఒక్క ఆచారం నచ్చలేదు. అన్నీ బయట బోర్డు మీద రాసే దేశంలో దీన్నొక్కదాన్నీ చాలా చోట్ల రాయరు.

దుకాణంలో అన్నం ముద్ద కొంటుంటే "ఇక్కడే తింటారా?" అని అడుగుతారు. ఎందుకంటే 2019 అక్టోబరు నుంచి తిండి పట్టుకెళ్తే పన్ను 8 శాతం, అక్కడే కూర్చుని తింటే 10 శాతం.

చూడాల్సినవి చూస్తూ వేళకి తినడం ఎలా?

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. పొద్దున్న తీరిగ్గా లేచి, పదింటికి బయల్దేరి, మూడింటికి భోజనం అనుకుంటారు. జపాన్‌లో చిన్న హోటళ్లు చాలా వరకు పదకొండుకు తెరిచి రెండింటికి పొయ్యి ఆపేస్తాయి. మళ్లీ సాయంత్రం ఐదింటికి గానీ వెలిగించరు. గుళ్లేమో నాలుగున్నర, ఐదుకల్లా మూసేస్తారు. కనుక గుడి పొద్దున్నే చూడాలి, పదకొండుంపావుకి భోజనానికి కూర్చోవాలి. పన్నెండు కొట్టగానే ఆఫీసుల వాళ్లు వరస కడతారు. రాత్రి జేబుకి బరువనిపించే హోటళ్లు కూడా మధ్యాహ్నం 'తెయిషొకు' పేరుతో అన్నం, సోయా ముద్దతో చేసే మిసో పులుసు, ఊరగాయ, ఒక వంటకం కలిపి అందుబాటు ధరకి ఇస్తాయి. చాలా మ్యూజియాలకి సోమవారం సెలవు. ఆ సోమవారం పండగైతే తెరిచి, మంగళవారం మూస్తారు.

క్యోటోలో ఎర్ర తోరణాల గుడి ఫుషిమి ఇనారి మాత్రం రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. తెల్లవారకముందే వెళ్తే కొండ మీద మీరూ, రాతి నక్కలూ. తొమ్మిది దాటాక వెళ్తే ముందువాడి వీపు తప్ప ఏమీ కనిపించదు.

చూపు సంగతి చెప్తున్నాను కనుక ఇంకోటి. తెలుగువాళ్లు జపాన్ గుళ్లలో కాస్త ఆగి చూడాలి. తెలిసిన మొహాలు కనిపిస్తాయి. ఉయెనోలో తామర చెరువు మధ్యనున్న గుడిలో కొలువైన బెంజయితెన్ మన సరస్వతే. బొమ్మల్లో ఆమె చేతిలో వీణ బదులు 'బివా' అనే వాద్యం ఉంటుంది. అసకుసాలో సెన్సోజి గుడికి అందరూ వెళ్తారు. అక్కణ్నుంచి నడిచిపోయేంత దూరంలోని మత్సుచియామా షోదెన్‌కి వెళ్లేవాళ్లు తక్కువ. అక్కడ వినాయకుడు. విగ్రహం కనపడనివ్వరు, నైవేద్యంగా ముల్లంగి పెడతారు. ఉండ్రాళ్లు లేని వినాయకుడంటే మనసొప్పదు గానీ, ముల్లంగి దుంపలు పట్టుకుని మెట్లెక్కే ముసలమ్మలను చూస్తే భక్తిలో తేడా ఏమీ తోచదు. క్యోటోలోని సంజూసంగెన్‌దోలో వెయ్యిన్నొక్క కన్నోన్ విగ్రహాలు వరసలు తీరి ఉంటాయి. అవలోకితేశ్వరుడే అక్కడ కన్నోన్. వాటికి కాపలాగా నిలబడ్డ ఇరవై ఎనిమిది మంది దేవతల్లో గరుత్మంతుడు రెక్కలతో, ముక్కుతో, వేణువు ఊదుతూ ఉంటాడు. ఫొటో తీయనివ్వరు, కళ్లతోనే చూసుకోవాలి. ఇక నారాలో తోదాయిజి మహాబుద్ధుడికి 752లో కన్నులు దిద్దిన భిక్షువు బోధిసేనుడు. దక్షిణ భారతం నుంచి వెళ్లినవాడని చెబుతారు.

ఎస్కలేటర్ మీద టోక్యోలో ఎడమ పక్కన, ఒసాకాలో కుడి పక్కన నిలబడతారు. ఎందుకని అడిగితే ఇద్దరూ అవతలివాళ్లది తప్పంటారు.

తిన్నాక కవరు ఎక్కడ పడేయాలి? చెత్తబుట్టే కనపడదేం?

1995 మార్చి 20న టోక్యో మెట్రో రైళ్లలో ఒక మత ముఠా సారిన్ విషవాయువు వదిలింది. ఆ తర్వాత భద్రత కోసం స్టేషన్లలో, వీధుల్లో చెత్తబుట్టలు చాలా వరకు తీసేశారు. చాలా చోట్ల తిరిగి పెట్టలేదు. జనం తమ చెత్త ఇంటికి పట్టుకెళ్లడం అలవాటు చేసుకున్నారు. సంచిలో ఒక ఖాళీ కవరు పెట్టుకోండి. నడుస్తూ తినడం కూడా వాళ్లకి అంతగా నచ్చదు. క్యోటో నిషికి బజారులో కొన్న కొట్టు ముందే నిలబడి తిని, పుల్లా ప్లేటూ ఆ కొట్టువాడికే ఇచ్చేయాలి. సిటీ రైల్లో తినకూడదు. బుల్లెట్ రైల్లో మాత్రం తినొచ్చు, స్టేషన్లో అమ్మే భోజనం డబ్బా 'ఎకిబెన్' పుట్టిందే అందుకు.

జుర్రుమని శబ్దం చేస్తూ తినాలా? చేత్తో తినొచ్చా?

నూడుల్స్ జుర్రడం తప్పు కాదు. పొగలు కక్కే నూడుల్స్ గాలితో కలిపి లాగితే నోరు కాలదు, సోబా వాసన ముక్కుకి ఎక్కుతుంది. మీకు చేతకాకపోతే మానేయండి, ఎవరూ పట్టించుకోరు. సుషి చేత్తో తినొచ్చు. చేప ఉన్న వైపే సోయా సాస్‌లో అద్దాలి, అన్నం వైపు అద్దితే విడిపోతుంది.

కొన్ని మాత్రం చేయకూడదు. అన్నం గిన్నెలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవాళ్లకి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. మీ పుల్లలతో పట్టుకున్న ముక్కను ఎదుటివాళ్ల పుల్లలకి అందించకూడదు. దహనం తర్వాత అస్థికలు ఏరేటప్పుడు బంధువులు అలా అందుకుంటారు. అన్నం మెతుకులు పిండంలా ముద్ద చేస్తే మన ఇంట్లో పెద్దవాళ్లు గదమాయిస్తారు కదా, అలాంటిదే.

మనకు అన్నిటికంటే కష్టమైనది ఇంకోటి. వాళ్లు సాధారణంగా అన్నంలో ఏదీ కలుపుకోరు. తెల్లన్నం తెల్లగానే తింటారు, మధ్యమధ్యలో కూర కొరుక్కుంటారు, పులుసు గిన్నె ఎత్తి తాగుతారు. గిన్నె చేత్తో ఎత్తి పట్టుకోవడం అక్కడ మర్యాద. బియ్యం పొట్టిగింజ, వండితే అంటుకుంటుంది. అందుకే రెండు పుల్లల మధ్య నిలుస్తుంది. మన సోనా మసూరి అన్నం పెట్టి చూడండి, పుల్లల పరువు పోతుంది.

ఒసాకాలో 'కుషికత్సు' తింటే ఒక బోర్డు చూస్తారు: రెండోసారి ముంచవద్దు. పుల్లకి గుచ్చి వేయించిన ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఒకే సాస్ గిన్నె. ఒకసారి కొరికినదాన్ని మళ్లీ ముంచకూడదు. ప్రపంచంలో చాలామందికి ఈ నియమం విడమరిచి చెప్పాలి. మనకు ఒక్క మాట చాలు, ఎంగిలి. సాస్ చాలకపోతే పక్కనున్న పచ్చి క్యాబేజీ ఆకుతో తోడి పోసుకోవాలి. ఈమధ్య చాలా కొట్లలో గిన్నె తీసేసి సీసాలు పెట్టారు.

ఒసాకా వీధిలో మనవాళ్లు ఆగిపోయే చోటు ఇంకొకటుంది. తకోయాకి బండి. అచ్చం మన గుంత పొంగనాల పెనమే. పిండి పోసి, నడుమ ఆక్టోపస్ ముక్క వేసి, రెండు పుల్లలతో గిర్రున తిప్పుతారు. పైన కాలినట్టుంటుంది, లోపల ఇంకా జావలా మరుగుతుంటుంది. వెంటనే నోట్లో వేసుకుంటే నాలుక బొబ్బెక్కుతుంది, తెలిసి చెప్తున్నాను.

మరి నీచు తిననివాళ్ల సంగతి?

ఇప్పుడు ఆ తిరకాసు దగ్గరికి వచ్చాం. తకోయాకి మీద, ఒకొనోమియాకి మీద పల్చటి గోధుమ రంగు రేకులు చల్లుతారు. ఒకొనోమియాకి అంటే క్యాబేజీతో పెనం మీద కాల్చే మందపాటి అట్టు. వేడి ఆవిరికి ఆ రేకులు అటూ ఇటూ మెలికలు తిరుగుతూ కదులుతాయి. మొదటిసారి చూసినవాళ్లు ప్రాణం ఉందేమోనని ప్లేటు దూరంగా జరుపుతారు. అది కత్సుఒబుషి. బొనీటో అనే చేపను ఉడికించి, పొగబెట్టి, నెలల తరబడి ఎండబెట్టి, బూజు పట్టించి మళ్లీ ఎండబెడితే కర్రముక్కలా గట్టిపడుతుంది. రెండు ముక్కలు తట్టితే టకటకమని చప్పుడొస్తుంది. దాన్ని వడ్రంగి చిత్రిక లాంటి పెట్టె మీద గీకితే ఈ రేకులు రాలతాయి.

పైన కదిలేది కనిపిస్తుంది కనుక బాధ లేదు, వద్దంటాం. కనిపించనిది గిన్నెలో ఉంటుంది. ఈ రేకుల్ని, 'కొంబు' అనే సముద్రపు నాచుని నీళ్లలో వేసి తీసిన కషాయం లాంటి దానిపేరు దాషి. మన వంటలో పోపు ఎలాంటిదో వాళ్ల వంటలో దాషి అలాంటిది. మిసో పులుసులో దాషి, ఉదోన్ నూడుల్స్ పులుసులో దాషి, చల్లటి సోబా ముంచుకునే సాస్‌లో దాషి. ఉడికించిన గుమ్మడికాయలో దాషి, వేయించిన తోఫూ చుట్టూ పోసిన రసంలో దాషి. కూరగాయల తెంపురా ఆర్డర్ చేసి సంబరపడతాం, పక్కన ముంచుకునే సాస్‌లో చేప ఉంటుంది. ఉప్పుతో తినండి, చాలా కొట్లలో ఉప్పు ఇస్తారు.

"మాంసం వద్దు అని స్పష్టంగానే చెప్పాను, సరేనన్నారు, తర్వాత చూస్తే చేప" అని చాలామంది వాపోతారు. అబద్ధం ఆడలేదు. జపనీస్‌లో 'నికు' అంటే జంతు మాంసం. చేప అందులోకి రాదు. ఇక దాషిని వాళ్లు చేప అని కూడా అనుకోరు, అది నీళ్లలాంటిది. మనింట్లో ఎవరైనా "పప్పులో ఆవాలు వేశారా?" అని అడిగితే మనం ఎలా చూస్తామో వాళ్లూ అలాగే చూస్తారు.

ఈ రుచి వెనక ఒక కథ ఉంది, అది మన వీధి దాకా వచ్చింది. కొంబు పులుసుకి అంత రుచి ఎక్కణ్నుంచి వస్తుందని టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో ఆచార్యుడు ఇకెదా కికునాయే పట్టుబట్టి వెతికి, 1908లో గ్లుటమేట్‌ని వేరుచేశాడు. ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు అది పొడిగా మార్కెట్లోకి వచ్చింది, అజినొమొతో పేరుతో. మన ఊళ్లలో నూడుల్స్ బండి దగ్గర "అజినోమోటో వేయకు బాబూ" అంటామే, అదే. ఆ పేరుకి అర్థం రుచికి మూలం.

మరి ఎలా అడగాలి? నోటితో చెప్పడం కంటే జపనీస్‌లో రాయించుకున్న చీటీ చూపించడం మేలు. అందులో 'మాంసం' అని ఒక్కమాట రాస్తే చాలదు. మాంసం, చేప, రొయ్యలు, పీతలు, కత్సుఒ దాషి అని విడివిడిగా రాయించండి. కొంబు దాషి పరవాలేదని కూడా రాయించండి, వండేవాడికి దారి దొరుకుతుంది. వరసలో జనం ఉన్న చిన్న కొట్లో ఈ చర్చ పెట్టకండి. పులుసు పొద్దున్నే కాచి పెట్టుకుంటారు, మనకోసం మార్చడం వాళ్ల చేతిలో ఉండదు.

తినదగినవి లేకపోలేదు. బౌద్ధ భిక్షువుల వంట 'షోజిన్ ర్యోరి'లో మాంసం, చేప ఉండవు, దాషి కూడా నాచుతో, ఎండు షిటాకే పుట్టగొడుగులతో తీస్తారు. క్యోటోలో అరాషియామా వెళ్తే తెన్‌ర్యూజి గుడి ఆవరణలోనే షిగెత్సు అనే భోజనశాల ఉంది. ధర కాస్త ఎక్కువే, కానీ నువ్వుల తోఫూ ఒక్కటి చాలు, డబ్బు దండగ అనిపించదు. సుషి కొట్లలో దోసకాయ చుట్టలు ఉంటాయి. వాటిని కప్పామాకి అంటారు. అమెరికా నుంచి వచ్చిన పేరుమోసిన కాఫీ కొట్లు ఎలాగూ ఉంటాయి గానీ, వాటి కోసం అంత దూరం వెళ్లడం దేనికి? నగోయాలో పొద్దున్నే పాత కాఫీ హోటల్‌కి వెళ్లండి. కాఫీ డబ్బులు ఇస్తే టోస్టు, చాలా చోట్ల ఉడికిన గుడ్డు కూడా దాంతోపాటే వస్తాయి. దాన్ని 'మార్నింగ్' అనే అంటారు.

అన్నం ముద్ద 'ఒనిగిరి' వీధికో దుకాణంలో దొరుకుతుంది. ఉప్పు మాత్రమే కలిపిన 'షియో ముసుబి' అయితే నిశ్చింత. లోపల ఉమెబోషి పెట్టినది మన నాలుకకి బాగా పడుతుంది. అది ఉప్పులో ఊరిన పుల్లటి పండు, కారం వేయని ఊరగాయ. కొన్ని కంపెనీలు అందులోనూ చేప సారం కలుపుతాయి, కనుక ఫోన్ కెమెరాతో వెనక చీటీ అనువదించి చూసుకోండి. దాన్ని విప్పడానికీ ఒక పద్ధతి ఉంది. కవరు మీద 1, 2, 3 అంకెలుంటాయి. 1 దగ్గర చీలికను పట్టి నిలువునా వెనక దాకా లాగాలి. 2, 3 మూలలను చెరోవైపు మెల్లగా లాగాలి. అన్నానికీ, నల్లటి నాచు కాగితానికీ మధ్య పల్చటి పొర ఉంటుంది, అది బయటికి జారి నాచు వచ్చి అన్నానికి అంటుకుంటుంది. ఎందుకంత హంగామా అంటే, ముందే అంటుకుని ఉంటే నాచు తడిసి మెత్తబడుతుంది. ఇలాగైతే కొరికినప్పుడు అప్పడంలా కరకరమంటుంది. అంకెలు చూడకుండా చింపితే నాచంతా కవర్లోనే ఉండిపోతుంది.

కారం కావాలనిపిస్తే?

'కరే' అని కనిపించిన చోటికల్లా పరుగెత్తకండి. మీజీ చక్రవర్తి కాలంలో కూర పొడి బ్రిటన్ మీదుగా జపాన్ చేరింది, వాళ్ల నౌకాదళం వంటశాలల్లో చిక్కటి గ్రేవీ అయింది, అది గోధుమపిండి వేసిన తియ్యటి పులుసు. అసలు భారతీయ కూరను టోక్యోకి పరిచయం చేసినవాడు విప్లవకారుడు రాస్ బిహారీ బోస్. బ్రిటిష్‌వాళ్లకు దొరక్కుండా జపాన్ చేరి, షింజుకులోని నకమురాయా బేకరీవాళ్ల ఇంట్లో తలదాచుకుని, వాళ్లమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. 1927లో ఆ కొట్లో భారతీయ కూర అమ్మకం మొదలైంది. ఇప్పటికీ అమ్ముతున్నారు. ఇండియన్ అని బోర్డు పెట్టిన హోటళ్లు ఊరూరా ఉన్నాయి. వాటిలో చాలా వరకు నేపాలీలు నడిపేవి, నాన్ రొట్టె పరుపంత ఉంటుంది.

మన తిండే కావాలంటే టోక్యోలో ఉయెనో పక్కనే ఒకాచిమాచిలో ఆంధ్రా పేరు పెట్టుకున్న హోటల్ ఉంది. భారతీయ ఇంజినీర్లు ఎక్కువగా ఉండే నిషి కసాయిలోనూ దక్షిణాది వంట దొరుకుతుంది. అలాంటి చోట్ల చాప్‌స్టిక్స్ పక్కనపెట్టి సాంబారు అన్నం కలుపుకుంటున్న జపనీయులు కనిపిస్తారు. దక్షిణాది భోజనానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'మీరుసు'. మన హోటళ్ల బోర్డు మీద ఉండే 'మీల్స్' మాటే అది. పదో రోజుకి పప్పన్నం మీద మనసు పోతే ఆ మాట అడగండి. ఈలోగా జేబులో వెయ్యి యెన్ నోట్లు నాలుగు, ఒక ఖాళీ కవరు, దాషి గురించి రాయించుకున్న చీటీ మర్చిపోకండి.